మా చెవుల మాట ఎవరు వింటారు?

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు కుర్రాళ్ళ ఆటవస్తువు కాదు. ఇంట్లో పనిచేసే ఆడమనిషికి గ్రైండరు, మిక్సీ ఎంత అవసరమో ఇవీ అంతే అవసరం. అయినా వాటిని తయారుచేసేవాళ్ళు మన చెవుల్ని చూసి చేయరు. అమ్మేవాళ్ళు మన ఊళ్ళను చూసి అమ్మరు. ఇంట్లోవాళ్ళేమో అవి మన చెవుల్లో కనపడితే చాలు, మొహం ముడుచుకుంటారు. ఈ ముగ్గురితోనూ నాకు పేచీ ఉంది. ఆఖర్న మనతో కూడా కొంచెం ఉంది. కోపగించుకోకుండా చదవండి.

ముందు ఇంటి సంగతి. "ఇంట్లో ఉండేదానికి అవి యాలమ్మా?" అనే మాట మా ఉరవకొండలో నేను వినని నెల లేదు. కాలేజీకి పోయే పిల్లోడు చెవుల్లో పెట్టుకుంటే "పాటలు వింటాండాడు" అంటారు. బెంగుళూరు నుంచి వచ్చిన అల్లుడు పెట్టుకుంటే "మీటింగులో ఉండాడు, గట్టిగా మాట్లాడొద్దండి" అని టీవీ కూడా ఆపేస్తారు. అదే వస్తువు కోడలు పెట్టుకుంటే "ఎవరితో మాట్లాడుతోందో ఏమో!" వస్తువు అదే, కంపెనీ అదే, రంగు కూడా అదే. చెవి మారేసరికి అర్థం మారిపోతుంది. మగవాడి చెవిలో ఉంటే పని, ఆడదాని చెవిలో ఉంటే అనుమానం.

అసలు ఇంటిపని అంటే ఏమిటో ఒకసారి లెక్క చూద్దాం. కేంద్ర గణాంక శాఖవాళ్ళు 2024లో దేశమంతా తిరిగి, ఎవరు దేనికెంత సమయం ఖర్చుపెడుతున్నారో రాసుకున్నారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారట. అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 289 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు. ఆ ఐదు గంటలూ చేతులు పనిలో ఉంటాయి. కళ్ళు పొయ్యి మీద, బియ్యంలో రాళ్ళ మీద, పాల గిన్నె మీద ఉంటాయి. పుస్తకం పట్టుకోవడానికి చేయి ఖాళీ లేదు, చదవడానికి కన్ను ఖాళీ లేదు. ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. ఆ చెవులకు కూడా కుక్కరు కూతలు, "నా చొక్కా ఎక్కడ?" అనే కేకలు తప్ప ఇంకేమీ వద్దంటే ఎట్లా?

ఇది కొత్త కోరికేం కాదు. పాతకాలంలో తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు ఎందుకు పుట్టాయి? చేయి తిరుగుతుంటే నోరూ చెవీ ఊరుకోలేక పుట్టాయి. మా జేజి కాలంలో గుడి అరుగు మీద పురాణం చెబుతుంటే వత్తులు చేసుకుంటూ వినేవాళ్ళు. మా అమ్మ కాలానికి వంటింటి గూట్లోకి ట్రాన్సిస్టరు వచ్చింది. అనంతపురం ఆకాశవాణి వింటూనే ఆమె రాగిముద్ద కెలికేది. నవవిధ భక్తుల్లో మొట్టమొదటిది శ్రవణం అని మేము బి.ఎ.లో చదువుకున్నాం. వినడాన్ని అంత గొప్ప స్థానంలో పెట్టిన జాతి, ఇంటి ఇల్లాలు వింటానంటే మాత్రం "పనిపాట లేదా?" అంటుంది. పని ఉంది కాబట్టే నాయనా, పాట!

మా వీధిలోనే చూడండి. ఉరవకొండ అంటే మగ్గాల ఊరు. మా వెనకింటి వదిన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ విష్ణు సహస్రనామం వింటుంది. ఆ ఎదురింట్లో ఒక పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, డీఎస్సీకి చదువుతోంది. రొట్టెలు కాల్చేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు పాఠాలు చెవిలో పెట్టుకుంటుంది. పుస్తకం ముందు కూర్చునే గంట ఆ పిల్లకు రాత్రి పదకొండు దాటితే గానీ దొరకదు. నేను కథలు వింటాను. తెల్లవారుజామున నడకకు పోయినప్పుడు ఒక కథ, మధ్యాహ్నం గిన్నెలు కడిగేటప్పుడు ఒక కథ. డిగ్రీ అయ్యాక ఇరవై ఏళ్ళకు తెలుగు సాహిత్యం మళ్ళీ నా దగ్గరికి వచ్చింది చెవి దారినే. ఫోను స్పీకరు పెట్టుకుని వినొచ్చు కదా అంటారు. వినొచ్చు. కానీ కుళాయి నీళ్ళ చప్పుడుకు సగం మాటలు వినపడవు. హాల్లో టీవీ చూసేవాళ్ళకు మన కథ అడ్డం. వాళ్ళ టీవీ మన కథకు అడ్డం కాదా అని మాత్రం ఎవరూ అడగరు.

అడ్డం చెప్పేవాళ్ళ మాటల్లో న్యాయమైనవి కూడా ఉన్నాయి, దాచిపెట్టను. మొదటిది చెవుల ఆరోగ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది. 80 డెసిబెళ్ళ చప్పుడును వారానికి 40 గంటల వరకు వినొచ్చు. 90 డెసిబెళ్ళకు పెంచితే వారానికి నాలుగు గంటలే. సౌండు కొంచెం పెంచితే సమయం పదోవంతుకు పడిపోతుందన్నమాట. అందుకని ఫోనులో వాల్యూము 60 శాతం దాటనివ్వొద్దంటారు. మిక్సీ తిరిగేటప్పుడు కథ వినపడలేదని సౌండు పెంచొద్దు. రెండు నిమిషాలు కథ ఆపండి, మిక్సీ ఆగాక వినండి.

రెండోది రోడ్డు. అనంతపురం నుంచి బళ్ళారి పోయే లారీలు తిరిగే రోడ్డు మీద రెండు చెవులూ మూసుకుని నడవడం ప్రాణాలతో ఆడుకోవడమే. మెడలో గొలుసు ఉన్న ఆడమనిషికి వెనక నుంచి బండి చప్పుడు వినపడటం ఇంకా ముఖ్యం. దానికి ఒకే చెవిలో పెట్టుకోండి. లేదంటే చెవి రంధ్రం మూయకుండా బయటే నిలబడే ఓపెన్ ఇయర్ రకం ఉంది. బయటి చప్పుడును అణిచేసే నాయిస్ క్యాన్సిలేషన్ ఇంట్లో, బస్సులో బాగుంటుంది. రోడ్డు మీద ఆపేయాలి. మూడోది, "పిలిస్తే పలకదు." ఒక చెవి తెరిచే ఉంటుంది కదా, పలుకుతాం. కాకపోతే ఒక్కసారి పిలిచి, లేచి వచ్చి చూడండి. గ్లాసు నీళ్ళు మీరే ముంచుకుంటే అసలు పిలిచే పనే లేదు.

ఇక తయారుచేసేవాళ్ళ సంగతి. వైర్లు లేని ఈ రెండు గింజల మోజు ఊపందుకున్నది 2016 చివర్లో ఆపిల్ కంపెనీ ఎయిర్‌పాడ్స్ తెచ్చాక. ఇప్పుడు వెయ్యి రూపాయలకే రకరకాల కంపెనీలవి దొరుకుతున్నాయి. మంచిదే. కానీ ప్రకటనల్లో ఎవరుంటారో గమనించారా? జిమ్ములో బరువులెత్తే కుర్రాడు, లేదంటే గుర్రపు తోక జడతో పరిగెత్తే పట్నం పిల్ల. చీర కట్టుకుని, చెవులకు బుట్టకమ్మలు పెట్టుకుని, తలలో పూలతో నడిచే మనిషిని నేనింతవరకు చూడలేదు. చూపకపోతే పోయింది, కనీసం ఆలోచించారా?

ఆడవాళ్ళ చెవులు సగటున మగవాళ్ళ చెవులకంటే చిన్నవి. డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద అని మూడు సైజుల రబ్బరు బుడిపెలు ఇస్తారు. అందులో చిన్నది పెట్టుకున్నా అరగంటకు చెవి సలుపుతుందని మా నడక జట్టులో ముగ్గురంటారు. నాకైతే ఎడమ చెవిలో నిలవనే నిలవదు. వంగి ముగ్గు వేస్తుంటే జారి ముగ్గులో పడుతుంది. చెవి వెనక్కి కొక్కెంలా తగిలించుకునేవి పడవు గానీ మాటీలు పెట్టుకుంటే రెండూ చిక్కుపడతాయి. తల మీదుగా వచ్చే పెద్ద హెడ్‌ఫోన్లకు కొప్పు అడ్డం, పూలు అడ్డం, మన ఎండకు చెవులు ఉడికిపోతాయి. మెడలో వేసుకునే నెక్‌బ్యాండు కొంత నయం. జారినా నేల మీద పడదు, పోగొట్టుకోం. కానీ అది నల్లపూసల్లో చిక్కుకుంటుంది. ఇక ఆ డబ్బీ ఎక్కడ పెట్టుకోవాలి? చీరకు జేబు లేదు, నైటీకి లేదు, చాలా చుడీదార్లకు లేదు. బొడ్లో దోపుకుంటే ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఒక గింజ పోతే ఒక్కటే కొనుక్కునే వీలు చాలా కంపెనీలు ఇవ్వవు. కమ్మ పోతే ఒకటే చేయించుకుంటాం, దీనికి మాత్రం జత మొత్తం కొనాలి.

అన్నిటికంటే నాకు మండేది దుమ్ము సంగతి. డబ్బా మీద గొప్పగా "ఐపీఎక్స్4" అని అచ్చేస్తారు. చాలామంది అదేదో మోడల్ నంబరు అనుకుంటారు. కాదు. ఐపీ తర్వాత వచ్చే మొదటి గుర్తు దుమ్ముకు, రెండోది నీళ్ళకు. 4 అంటే అన్ని వైపుల నుంచి నీటి చిందులు పడినా తట్టుకుంటుందని. మొదటి చోట అంకె బదులు ఎక్స్ ఉందంటే, దుమ్మును తట్టుకుంటుందో లేదో ఏ మాటా ఇవ్వడం లేదని అర్థం. ఆషాఢ మాసం వస్తే మా ఊరి గాలి ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. గాలి అంత బలంగా ఉందనే కదా ఈ చుట్టుపక్కల కొండల మీద, చేల మీద అన్ని గాలిమరలు నాటింది! ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన కోసం ఆకాశం వైపు చూసే సీమకు వచ్చి, "వానలో తడిసినా ఏం కాదు" అని అమ్ముతారు. మాకు వానెక్కడిది స్వామీ? దుమ్ముకు మాట ఇవ్వండి. ఆ నీళ్ళ మాట కూడా మంచినీళ్ళతో చేసిన పరీక్షే, ఉప్పు చెమటతో కాదు. పైగా చాలావాటిలో ఆ మాట చెవిలో పెట్టుకునే గింజలకే గానీ డబ్బీకి వర్తించదు.

బ్యాటరీ గంటలదీ ఇదే కథ. డబ్బా మీద "40 గంటలు" అని ఉంటుంది. చెవిలో ఒకసారి పెట్టుకుంటే వచ్చేది చాలావాటిలో ఐదారు గంటలే. డబ్బీలో పెట్టి మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకుంటే వచ్చే మొత్తమే ఆ నలభై. బిందెడు నీళ్ళను చెంబు పక్కన రాసి అమ్మినట్టుంది. లిథియం బ్యాటరీ ఏదైనా చార్జి అయ్యేకొద్దీ బలం తగ్గుతుంది, అది దాని గుణం. రోజూ వాడితే రెండు మూడేళ్ళకు సగం సేపు కూడా రాదు. టార్చిలైటు బ్యాటరీ మార్చుకున్నట్టు దీన్ని మార్చుకోలేం, లోపల అతికించేసి ఉంటుంది. చేయలేక కాదు. నెదర్లాండ్స్‌లో ఫెయిర్‌ఫోన్ అనే కంపెనీ 2024లో బ్యాటరీ మనమే మార్చుకోగల ఫెయిర్‌బడ్స్ తెచ్చింది. ఐరోపా దేశాలు 2023లో చేసుకున్న చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల్లో వాడేవాళ్ళే తీసి మార్చుకోగలిగే బ్యాటరీలు పెట్టాలి, కొన్ని మినహాయింపులతో. అక్కడివాళ్ళకు చేయగలిగింది ఇక్కడివాళ్ళకు ఎందుకు చేయకూడదు?

ఇక అమ్మేవాళ్ళు. పేరు చెప్పను గానీ ఒక కంపెనీతో నాకైన అనుభవం ఇది. మా అబ్బాయి బెంగుళూరులో ఉంటూ ఆన్‌లైన్‌లో నాకు ఇయర్‌బడ్స్ పంపాడు. ఏడాది వారంటీ. ఎనిమిదో నెలలో కుడివైపుది మూగబోయింది. కంపెనీకి ఫోను చేస్తే, ముందు హిందీ, తర్వాత ఇంగ్లీషు. నంబరు చెప్పమన్నారు. ఓటీపీ మా అబ్బాయికి పోయింది. వాడు ఆఫీసులో ఎత్తలేదు. రెండోరోజు బిల్లు పంపమన్నారు. బిల్లు వాడి పేరు మీద ఉంది. "మేడమ్, కొన్నవాళ్ళే మాట్లాడాలి" అన్నారు. మూడోసారి వాణ్ణి లైన్లో కలిపితే "మీ పిన్‌కోడ్‌కు పికప్ లేదు, మీ ఖర్చుతో కొరియరు చేయండి" అన్నారు. ఆర్డరు తెచ్చి ఇవ్వడానికి నా పిన్‌కోడ్ దొరికింది, పాడైనప్పుడు తీసుకుపోవడానికి దొరకలేదు. ఎండాకాలంలో కూడా మా ఇంటి గడప దాకా వచ్చి డబ్బా ఇచ్చిపోయినవాళ్ళకు, వారంటీ అనేసరికి దారి తెలియకుండా పోయింది.

"వెయ్యి రూపాయల వస్తువుకు ఇంత రభసా?" అని మా ఇంట్లోనే అన్నారు. వెయ్యి రూపాయలు ఎవరికి చిన్నవి? 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఎర్రటి ఎండలో మూడు రోజులకు పైగా మట్టి తవ్వితే గానీ వెయ్యి రాదు. మా వెనకింటి వదిన ఆ వెయ్యి కూడబెట్టడానికి ఎన్ని కండెలు చుట్టాలో ఆమెకే తెలుసు. కంపెనీకి కావలసింది కూడా మనమిట్లా అనుకోవడమే. వెయ్యి చిన్నదని ఒక్కొక్కరం వదిలేస్తే, అందరి వెయ్యీ కలిసి వాళ్ళకు పెద్దదవుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. "కొన్నవాళ్ళే మాట్లాడాలి" అన్నది అబద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. అందులో వినియోగదారు అంటే డబ్బు కట్టినవాళ్ళొక్కరే కాదు, వాళ్ళ సమ్మతితో ఆ వస్తువు వాడుకునేవాళ్ళు కూడా అని స్పష్టంగా రాసి ఉంది. కొడుకు కొన్నా, మొగుడు కొన్నా, తమ్ముడు రాఖీకి ఇచ్చినా, వాడుతున్నది మీరైతే అడిగే హక్కు మీది. ఈ ఒక్క వాక్యం మనలాంటివాళ్ళ కోసమే రాసినట్టుంది. ఎందుకంటే మన ఇళ్ళలో వస్తువు మనం వాడతాం, బిల్లు ఇంకొకరి పేరు మీద ఉంటుంది.

ఇంకా ఉన్నాయి. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో జవాబివ్వాలి, నెల లోపల తేల్చాలి. అప్పటికీ పలకకపోతే 1915 నంబరుకు ఫోను చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనూ మాట్లాడొచ్చు. దానితోనూ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా మీరు అక్కడికి పోనక్కర్లేదు, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలనీ లేదు. తగాదా మొదలైన రెండేళ్ళ లోపల వేయాలి. నేను హెల్ప్‌లైనుకు ఫోను చేశాను. పన్నెండో రోజుకు కొత్త జత మా గడప దగ్గరికే వచ్చింది. అదే పిన్‌కోడ్!

ఆఖరి పేచీ మనతో అన్నాను కదా. వస్తువు బాగాలేకపోతే మనమేం చేస్తాం? "నాకు వాడటం రాలేదేమో" అనుకుంటాం. చెవిలో నిలవకపోతే చెవిదే తప్పనుకుంటాం. మెల్లగా బీరువాలో పెట్టేస్తాం. ఇచ్చిన కొడుకు నొచ్చుకుంటాడని చెప్పం. కొనబోయేవాళ్ళు చదివే అభిప్రాయాల్లో చూడండి. బాస్ అదిరింది, ఆటలు ఆడటానికి సూపరు, జిమ్ముకు బాగుంది అనేవే ఎక్కువ. "కమ్మలకు తగులుతోంది", "చిన్న చెవికి పెద్దదైంది", "దుమ్ముకు ఆరు నెలల్లో గరగరమంటోంది" అని ఎవరు రాశారు? కొన్న ఖాతా కొడుకుది కాబట్టి అభిప్రాయం కూడా కొడుకే రాస్తాడు. "అమ్మకు నచ్చింది, ఐదు నక్షత్రాలు." అమ్మను అడిగాడా?

డబ్బులిచ్చి రాయించుకునే దొంగ అభిప్రాయాలు ఎక్కువయ్యాయనే భారత ప్రమాణాల సంస్థ 2022లో వాటికోసం ఒక ప్రమాణమే తెచ్చింది. కానీ దొంగ మాటల్ని అడ్డుకుంటే సరిపోదు, నిజం మాటలు కూడా ఉండాలి కదా. మనం చెప్పకపోతే మన చెవి కొలత వాళ్ళకెట్లా తెలుస్తుంది? చెప్పని మనిషి వాళ్ళ లెక్కలో లేనట్టే.

కాబట్టి నా మాట ఇది. కొనేముందు డబ్బా మీద దుమ్ము అంకె చూడండి, చిన్న సైజు బుడిపెలున్నాయో చూడండి, మీ పిన్‌కోడ్‌కు సర్వీసు ఉందో లేదో ముందే అడగండి. బిల్లు ఎవరి పేరు మీద ఉన్నా దాని ఫోటో మీ ఫోనులో ఉంచుకోండి. కొడుకు ఖాతాలోనైనా సరే, అభిప్రాయం మాత్రం మీరు చెప్పి రాయించండి. తెలుగులో రాయండి, తప్పులేం లేవు. పాడైతే 1915. ఇక ఇంట్లో "అవి నీకెందుకు?" అని అడిగితే, పని ఆపొద్దు, చెవిలోది తీయొద్దు. "కథ వింటాండా, అయిపోయినాక చెప్తా" అనండి.